సీలింగ్ మూసే ముందు ఒక్క రాత్రి ఆగండి

ప్రశ్న: మాది కాకినాడ. కొత్త ఇంట్లో మూడు గదులకు ఏసీ కాపర్ పైపులు ముందే వేయించాం. కొంత గోడలో, కొంత ఫాల్స్ సీలింగ్ పైన. పైపు చివరలు డాబా మీద మూడు నెలలుగా అలాగే ఉన్నాయి, ప్లాస్టిక్ కవరు చుట్టి దారం కట్టారంతే. ఈ మధ్య వానలు కూడా బాగానే పడ్డాయి. వచ్చే వారం గృహప్రవేశం. సీలింగ్ మేస్త్రీ రేపే షీట్లు బిగించేస్తానంటున్నాడు. కువైట్‌లో ఏసీ పనిచేసే మా అన్నయ్య ఫోన్ చేసి, నైట్రోజన్‌తో టెస్ట్ చేయించకుండా సీలింగ్ మూయించొద్దన్నాడు. ఇక్కడి ఏసీ కుర్రాడేమో "వ్యాక్యూమ్ పెడతాం కదా మేడమ్, లీకుంటే అప్పుడే తెలిసిపోద్ది, నైట్రోజన్ దండగ" అంటున్నాడు. ఎవరి మాట వినాలి? ఇంకో సంగతి. పాత ఇంట్లో ఉన్న టన్నున్నర ఏసీకి ప్రతి వేసవికీ గ్యాస్ కొట్టించాల్సి వస్తోంది. దాన్నే ఒక గదికి తెచ్చుకుందామనుకుంటున్నాం. తేవచ్చా?
– ఒక పాఠకురాలు

జవాబు: మీ అన్నయ్య మాటే వినండి. సీలింగ్ మేస్త్రీని ఒక్క రోజు ఆగమనండి. ముహూర్తం జోలికి వెళ్లక్కర్లేదు, షీట్లు ఎల్లుండి బిగిస్తే కొంప మునిగేదేమీ లేదు. మూసేశాక లీకు బయటపడితే మాత్రం షీటు కోయాలి, మళ్లీ పుట్టీ పెట్టాలి, మళ్లీ రంగు వేయాలి. ఆ రంగు పాత రంగుతో కలవదు కూడా.

మీ ఏసీ కుర్రాడు మోసం చేస్తున్నాడని అనను. మన దగ్గర చాలామంది పని నేర్చుకున్నదే అలా. కాకపోతే రెండు వేరు వేరు పనుల్ని ఒకటిగా లెక్కేస్తున్నాడు. పైపు ఎక్కడా కారకుండా గట్టిగా ఉందా అన్నది ఒకటి. పైపు లోపల పొడిగా ఉందా అన్నది ఇంకొకటి. మొదటిది నైట్రోజన్ ప్రెజర్‌తో తేలుతుంది, రెండోది వ్యాక్యూమ్‌తో, అంటే పంపు పెట్టి పైపులోని గాలంతా లాగేయడంతో.

వ్యాక్యూమ్ ఒక్కటీ ఎందుకు చాలదో చూడండి. ఇప్పుడు కొత్తగా కొనే స్ప్లిట్ ఏసీల్లో ఎక్కువగా వచ్చేది ఆర్-32 గ్యాస్. బయట 35 డిగ్రీలు ఉన్నప్పుడు, ఏసీ ఆపేసి ఉన్నా సరే, ఆ గ్యాస్ పైపుల్ని లోపలి నుంచి 300 పి.ఎస్.ఐ. (ఒత్తిడి కొలత) దాకా నెడుతూ ఉంటుంది. వ్యాక్యూమ్ పెట్టినప్పుడు పైపు మీద పడేది బయటి గాలి బరువే. ఎంత మంచి పంపు తెచ్చినా అది 15 పి.ఎస్.ఐ. దాటదు, అదీ బయటి నుంచి లోపలికి. ఇరవయ్యో వంతు ఒత్తిడి పెట్టి, అది కూడా తిరగేసి పెట్టి, పైపు గట్టిగా ఉందని చెబితే ఎలా? నట్టు దగ్గర వెంట్రుకంత సందు ఉంటే వ్యాక్యూమ్‌లో అక్కడున్న నూనె లోపలికి లాగబడి ఆ సందును తాత్కాలికంగా మూసేయవచ్చు. సూది కదలదు, అందరూ సంతోషంగా ఇంటికి వెళ్తారు. చైత్రం వచ్చేసరికి గది చల్లబడదు.

నైట్రోజనే ఎందుకంటే, అది పొడి గ్యాస్. రాగితో గానీ నూనెతో గానీ గొడవ పెట్టుకోదు, అంటుకోదు, ఖరీదు కూడా తక్కువ. ఇక్కడ ఒక్క విషయంలో మాత్రం మొహమాటం వద్దు. కొందరు వెల్డింగ్ కోసం తెచ్చిన ఆక్సిజన్ సిలిండర్ పక్కనే ఉంది కదా అని దానితోనే ప్రెజర్ పెట్టేస్తారు. ఒత్తిడిలో ఉన్న ఆక్సిజన్‌కు కంప్రెసర్ నూనె తగిలితే పేలుతుంది. అలా ప్రాణాలు పోయాయి. గాలి కంప్రెసర్‌తో గాలి ఎక్కించడమూ వద్దు, అందులో తేమ ఉంటుంది, ఆక్సిజనూ ఉంటుంది. సిలిండర్ రంగు చూసి ఊరుకోకండి, దాని మీద రాసిన పేరు మీరే చదవండి. దానికి రెగ్యులేటర్ ఉందో లేదో కూడా చూడండి. నిండు నైట్రోజన్ సిలిండర్‌లో 2,000 పి.ఎస్.ఐ. పైనే ఉంటుంది. రెగ్యులేటర్ లేకుండా దాన్ని పైపుకి తగిలించేవాణ్ణి డాబా మీదికి రానివ్వకండి.

మీ పైపుల చివరలు వానలో ఉన్నాయన్నారు కాబట్టి టెస్ట్ కంటే ముందు ఇంకో పని ఉంది. ఒక చివర నుంచి నైట్రోజన్ జోరుగా ఊది, రెండో చివర దగ్గర తెల్ల గుడ్డ పట్టుకోమనండి. పాత బనీను ముక్కయినా చాలు. ఆ గుడ్డ మీద ఏం పడుతుందో మీరే దగ్గరుండి చూడండి. నీటి చుక్కలు పడొచ్చు. సిమెంటు పొడి రావచ్చు. కంకణాల పురుగు గూడు కట్టిన మట్టి కూడా రావచ్చు, మూడు నెలలు తెరిచి ఉన్న గొట్టంలో అది పెద్ద వింతేమీ కాదు. నల్లటి పొలుసుల్లాంటివి రాలితే మాత్రం, గోడలోనో సీలింగ్ పైనో ఎక్కడో పైపు అతికించారని, అతికించేటప్పుడు లోపల నైట్రోజన్ పారించలేదని అర్థం. రాగిని ఎర్రగా కాల్చినప్పుడు లోపల గాలి ఉంటే గోడలకు నల్లటి ఆక్సైడ్ పొర కడుతుంది. తర్వాత అది గ్యాస్‌తో పాటు కొట్టుకెళ్లి గ్యాస్ పారే ఇరుకు దారిని, అంటే సన్నటి క్యాపిలరీనో ఎక్స్‌పాన్షన్ వాల్వునో మూసేస్తుంది. సన్నగా నైట్రోజన్ వదులుతూ అతికిస్తే లోపల రాగి రాగిలాగే మెరుస్తుంది. మీ ఇంట్లో అలా నల్లగా వస్తే, గుడ్డ తెల్లగా ఉండేదాకా ఊదుతూనే ఉండమనండి.

అన్నట్టు, గోడ లోపల ఎక్కడైనా అతుకు ఉందేమో ముందే అడగండి. ఉంటే అది వెల్డింగ్ అతుకే అయ్యుండాలి, పైపు మూతిని గరాటులా విప్పార్చి నట్టు బిగించిన ఫ్లేర్ అతుకు కాకూడదు. ఫ్లేర్ నట్టు చెయ్యి అందే చోటే ఉండాలి. గోడలో ఫ్లేర్ పెట్టామని చెబితే ఇప్పుడే పగలగొట్టి తీయించండి. తర్వాత తిట్టుకోవడం కంటే అది నయం.

ఇక టెస్ట్. ఏసీలు ఇంకా బిగించలేదు కాబట్టి, ఒక్కో గదికి వెళ్లే రెండు పైపుల్నీ గది వైపు చివర ఒక చిన్న రాగి ముక్కతో కలిపేస్తారు. డాబా వైపు ఒక పైపు మూసేసి, రెండోదానికి వాల్వు, గేజ్ పెడతారు. ప్రెజర్ ఒక్కసారిగా ఎక్కించరు. ముందు ఓ 50 పి.ఎస్.ఐ. పెట్టి చెవి ఒగ్గి వింటారు. పెద్ద లీకు ఉంటే బుస్సుమని చెప్పేస్తుంది. తర్వాత 200 దగ్గర కాసేపు ఆపి అతుకులన్నిటికీ సబ్బు నురగ రాస్తారు. అది నిలిస్తే పూర్తి టెస్ట్ ప్రెజర్‌కు వెళ్తారు. ఆ అంకె కంపెనీ ఇన్‌స్టాలేషన్ మాన్యువల్‌లో ఉంటుంది. ఆర్-32, ఆర్-410ఎ గ్యాస్ లైన్లకు 500 నుంచి 600 పి.ఎస్.ఐ. మధ్య చెప్పే కంపెనీలు ఎక్కువ. పాత ఆర్-22 గ్యాస్ యూనిట్లకు అంత పెట్టకూడదు. ప్రెజర్ ఎక్కేటప్పుడు పైపు మూతి ఎదురుగా ఎవరూ నిలబడకూడదు. పిల్లల్ని డాబా ఎక్కనివ్వొద్దు.

సబ్బు నురగ సంగతి కాస్త వివరంగా చెప్పాలి. ఎందుకంటే ఎక్కువమంది హడావిడి పడేది ఇక్కడే. పల్చటి సబ్బు నీళ్లు నట్టు మీద చల్లి, బుడగ రాలేదని క్షణంలో తేల్చేస్తారు. పెద్ద లీకైతే బుడగ వెంటనే ఉబ్బుతుంది, నిజమే. ఏడాదికోసారి గ్యాస్ అయిపోయేలా చేసే లీకు అంత తొందరగా కనబడదు. నురగ చిక్కగా ఉండాలి, కుంచెతో నట్టు చుట్టూ, వెనక వైపు కూడా పట్టించాలి, ఫ్యాను కట్టేయాలి. తర్వాత టార్చి వేసి కొన్ని నిమిషాలు చూస్తూ కూర్చోవాలి. ఆవగింజ కంటే చిన్న బుడగలు ఒకే చోట గుంపుగా పుట్టి తెల్లటి మీగడలా పేరుకుంటాయి. అదే లీకు. వెనక వైపు చిన్న అద్దం పెట్టి చూసే మెకానిక్ దొరికితే అతని నంబరు దాచుకోండి. పని అయ్యాక ఆ నురగను తడి గుడ్డతో తుడిచేయమనండి. అమ్మోనియా కలిసిన క్లీనర్లు మాత్రం వాడొద్దు, ఇత్తడి నట్లు కొన్నాళ్లకు పగుళ్లిస్తాయి.

నురగ పరీక్ష నెగ్గాక ప్రెజర్‌ను రాత్రంతా అలాగే వదిలేయాలి. గేజ్ మీద సూది ఉన్న చోట మార్కర్‌తో గీత పెట్టించండి. పైపుకి కాగితపు టేపు చుట్టి దాని మీద ప్రెజరెంత, టైమెంత, అప్పుడు బయట ఎన్ని డిగ్రీలు అన్నది రాయించండి. ఫోన్‌లో ఫొటో తీసుకోండి. ఈ డిగ్రీలు రాయకపోతే పొద్దున్నే గొడవ మొదలవుతుంది. సాయంత్రం 36 డిగ్రీల్లో 500 పి.ఎస్.ఐ. పెట్టారనుకోండి. తెల్లవారుజామున 26 డిగ్రీలకు దిగితే, చుక్క నైట్రోజన్ పోకపోయినా గేజ్ 483 దగ్గర ఉంటుంది. చల్లబడ్డ గ్యాస్ ప్రెజర్ తగ్గుతుంది కాబట్టి. అంటే డిగ్రీకి సుమారు 1.7 పి.ఎస్.ఐ. లెక్క. మీరు సూది దిగింది చూసి లీకని కంగారు పడొద్దు. అలాగే 40 పి.ఎస్.ఐ. దిగితే "వాతావరణం మేడమ్" అంటే నమ్మొద్దు. వీలైతే సాయంత్రం ఏ టైముకు పెట్టారో మర్నాడు అదే టైముకు, అంతే వేడిలో చూస్తే ఏ లెక్కా అక్కర్లేదు.

మూడు లైన్లూ నిలబడ్డాక సీలింగ్ మేస్త్రీని పిలవండి. అయితే నైట్రోజన్ మొత్తం వదిలేయొద్దు. 100 పి.ఎస్.ఐ. చుట్టుపక్కలకు తగ్గించి, గేజ్ తీయకుండా ఆ ప్రెజర్‌లోనే ఉంచేయండి. సీలింగ్ పనివాళ్లు ఫ్రేము బిగించేటప్పుడు స్క్రూ ఒకటి పైపులోకి దిగడం మామూలే. దిగిందని వాళ్లకు కూడా తెలియదు. లోపల ప్రెజర్ ఉంటే బుస్సుమంటుంది, సూది సున్నాకు పడుతుంది. ఎవరు చేశారో, ఎక్కడ చేశారో అప్పటికప్పుడే తేలిపోతుంది. ఖాళీ పైపు అయితే ఆ బొక్క సంగతి ఏసీ బిగించే రోజు దాకా బయటపడదు, ఆ రోజు ఎవరూ ఒప్పుకోరు. పైగా లోపల ప్రెజర్ ఉన్నన్నాళ్లు వాన నీరూ తేమా లోపలికి పోలేవు.

సీలింగ్ మూశాక, రంగులు అయ్యాక ఏసీలు బిగిస్తారు. అప్పుడు ఇండోర్ దగ్గర రెండు, అవుట్‌డోర్ దగ్గర రెండు కొత్త ఫ్లేర్ అతుకులు పడతాయి. ఇళ్లలో లీకులు ఎక్కువగా పుట్టేది ఈ నాలుగు నట్ల దగ్గరే. పైపు కోశాక అంచున ఉండే బరకను రీమర్‌తో గీయాలి. గీసేటప్పుడు పైపు మూతి కిందికి వంచి పట్టుకోవాలి, లేకపోతే ఆ రాగి పొట్టు లోపలికి రాలుతుంది. ఫ్లేర్ అద్దంలా నున్నగా రావాలి. గీతో పగులో ఉంటే కోసేసి మళ్లీ చేయాలి. నట్టు బిగింపు అందరూ రెంచి మీద వేలాడి చేస్తారు. అది తప్పు. పావు అంగుళం పైపుకు 14 నుంచి 18 న్యూటన్ మీటర్లు, అర అంగుళానికి 49 నుంచి 61 అని లెక్క ఉంది, దానికి టార్క్ రెంచి అని వస్తువూ ఉంది. సన్న పైపుకు లావు పైపంత బలం పెడితే ఫ్లేర్ పల్చబడి కొన్ని నెలలకు చీలుతుంది. మీ కుర్రాడి దగ్గర టార్క్ రెంచి ఉంటే సగం టెన్షన్ తగ్గినట్టే.

బిగించాక అవుట్‌డోర్ వాల్వులు మూసే ఉంచి, పైపులకూ ఇండోర్‌కూ కలిపి మళ్లీ నైట్రోజన్ పెట్టాలి. ఈసారి రాత్రంతా అక్కర్లేదు. ఆ నాలుగు నట్లకూ నురగ రాసి, గంటసేపు సూది చూస్తే చాలు. ప్రెజర్ మాత్రం యూనిట్ నేమ్‌ప్లేట్, మాన్యువల్ చెప్పిన అంకె దాటొద్దు. ఇప్పుడు లోపల ఉన్నది ఉత్త పైపు కాదు, ఇండోర్ కాయిల్ కూడా. నైట్రోజన్ వదిలేటప్పుడు కిటికీలు తెరిచి పెట్టండి.

ఆ తర్వాతే వ్యాక్యూమ్. దీని పని లోపలున్న గాలినీ తేమనూ లాగేయడం. కుక్కర్‌లో ఒత్తిడి పెరిగితే నీళ్లు వంద డిగ్రీలు దాటాకే మరుగుతాయి కదా, ఇక్కడ జరిగేది దానికి తిరగవేత. ఒత్తిడి తగ్గించుకుంటూ పోతే మామూలు గది వేడికే నీళ్లు మరిగి ఆవిరైపోతాయి, పంపు ఆ ఆవిరిని బయటికి తోస్తుంది. ఎంత తగ్గించాలన్నదే అసలు ప్రశ్న. ఈ పనిలో ఒత్తిడిని మైక్రాన్లలో చెబుతారు. మన చుట్టూ ఉన్న గాలి 7,60,000 మైక్రాన్లు. 30 డిగ్రీల దగ్గర నీళ్లు మరగాలంటే సుమారు 31,800కు దిగాలి. పైపు లోపల ఆరిపోయిందని ధైర్యంగా చెప్పాలంటే 500 మైక్రాన్ల కిందికి తేవాలి.

మెకానిక్‌లు మెడలో వేసుకు తిరిగే మామూలు గేజ్ ఇక్కడ పనికిరాదు. అందులో వ్యాక్యూమ్ వైపు సున్నా నుంచి 30 అంగుళాల దాకా గీతలుంటాయి. ఒక్క అంగుళం అంటే 25,400 మైక్రాన్లు. సూది 30 దగ్గరికి వచ్చిందంటే లోపల 500 ఉందో 15,000 ఉందో బ్రహ్మదేవుడికే తెలియాలి. పంపు పెట్టిన రెండు నిమిషాలకే సూది అక్కడికి చేరుతుంది, "అయిపోయింది మేడమ్" అంటారు. చిన్న డిజిటల్ మైక్రాన్ గేజ్ ఉంటే ఈ అనుమానం ఉండదు. ఆ గేజ్‌ను పంపు దగ్గర కాకుండా దూరంగా, సిస్టమ్ వైపు పెట్టాలి. పంపు మూతి దగ్గర ఎప్పుడూ అంకె అందంగానే కనిపిస్తుంది.

తేమ ఎంత ఉంటుందన్నది కూడా వాస్తవంగా చెప్పుకుందాం. కాకినాడ ఉక్కపోతలో 35 డిగ్రీల దగ్గర లీటరు గాలిలో ఉండే నీటి ఆవిరి 30 మిల్లీగ్రాముల వరకూ ఉంటుంది. పది మీటర్ల అర అంగుళం పైపులో పట్టేది లీటరు లోపు గాలి. అంటే ఉత్త గాలి వల్ల వచ్చే తేమను మంచి పంపు తేలిగ్గానే లాగేస్తుంది. అసలు చిక్కు నీళ్లు నీళ్లుగా లోపల ఉండిపోతేనే. ఒక్క చెంచా నీళ్లు, అంటే 5 గ్రాములు, 30 డిగ్రీల దగ్గర ఆవిరైతే 160 లీటర్లకు పైగా అవుతుంది. ఒత్తిడి తగ్గేకొద్దీ ఆ ఆవిరి ఇంకా విస్తరిస్తుంది. అదంతా పంపుకు కలిపే సన్నటి పసుపు గొట్టం గుండా రావాలి. పైగా మరిగే నీళ్లు తమ వేడిని తామే పోగొట్టుకుని చల్లబడి, 4,600 మైక్రాన్ల కిందికి వెళ్తే పైపులోనే మంచు కట్టగలవు. అప్పుడు పంపు ఎంతసేపు తిరిగినా అంకె మొండికేస్తుంది. అందుకే ముందు ఊదించమన్నాను. మడుగును ఊది తీయాలి, వ్యాక్యూమ్ మిగిలిన తడిని ఆరబెట్టడానికి.

మీ లైన్లకు ఒక్కసారి వ్యాక్యూమ్ కాకుండా మూడుసార్లు చేయించండి. కొంత లాగాక పంపు ఆపి, పొడి నైట్రోజన్ కొద్దిగా, 2, 3 పి.ఎస్.ఐ. దాకా నింపుతారు. అది తేమను కలుపుకుంటుంది. వదిలేసి మళ్లీ లాగుతారు. ఇలా రెండుసార్లయ్యాక చివరిసారి 500 కిందికి తెస్తారు. పంపు గాజు కిటికీలోంచి నూనె రంగు చూడండి. పాలు కలిపినట్టు తెల్లబడితే అది నీళ్లు తాగేసిందని, ఇక సరిగ్గా లాగలేదని అర్థం. అక్కడే నూనె మార్చాలి. చాలా పంపుల్లో ఆ నూనె కొన్నప్పటిదే ఉంటుంది.

500 కిందికి వచ్చాక పంపు వైపు వాల్వు మూసి పది, పదిహేను నిమిషాలు అంకె చూడాలి. కొంచెం పెరిగి ఆగితే పర్వాలేదు. వెయ్యి దాటి పెరిగి, ఒకటి రెండు వేల దగ్గర నిలబడిపోతే ఇంకా తడి ఉందని. ఎక్కడా ఆగకుండా ఎక్కుతూనే పోతే లీకు. అది గొట్టం వాషర్ దగ్గరైనా కావచ్చు, ముందు అక్కడ చూసుకోవాలి. మైక్రాన్ గేజ్ అసలు దొరకదంటారా? మూడుసార్ల పద్ధతి తప్పకుండా చేయించి, చివరి వ్యాక్యూమ్ ఎక్కువసేపు నడిపించి, గంటసేపు సూది కదలకుండా నిలిచిందని చూసుకోండి. దానికీ దీనికీ పోలిక లేదు గానీ, కళ్లు మూసుకోవడం కంటే మేలు.

ఇంత చాదస్తం తేమ గురించి ఎందుకంటే, ఆర్-32 కంప్రెసర్లలో పోసే సింథటిక్ నూనె తేమ కనబడితే వదలదు. పీల్చుకున్నాక వ్యాక్యూమ్‌కు కూడా తిరిగివ్వదు. వేడికి ఆ నూనె, ఆ నీళ్లు కలిసి ఆమ్లం పుడుతుంది. అది కంప్రెసర్ లోపలి వైండింగ్‌ను (మోటారు తీగ చుట్టను) మెల్లగా తినేస్తుంది. ఏసీ మొదటి వేసవి బ్రహ్మాండంగా నడుస్తుంది. మూడేళ్లకో నాలుగేళ్లకో కంప్రెసర్ కాలిపోతే కరెంటు మీదికి నెట్టేస్తారు.

ఇంకొక పాత అలవాటు గురించి హెచ్చరించాలి. పంపు పైకి మోయడం బద్ధకమై, అవుట్‌డోర్‌లో ఉన్న గ్యాస్‌నే కాస్త పైపులోకి వదిలి, ఆ తోపుతో గాలి బయటికి పోయేలా నట్టు వదులు చేస్తారు. ఆర్-22 కాలంలో ఊరూరా ఇదే. ఇందులో గాలి కొంత పోతుంది, తడి పోదు, కంపెనీ తూకం వేసి పోసిన గ్యాస్ తగ్గుతుంది. ఆర్-32 అంటుకునే స్వభావం ఉన్నది కూడా. ఆర్-290 గ్యాస్ అయితే వంట గ్యాస్‌లో ఉండే ప్రొపేనే. మీ ఇంట్లో ఎవరైనా ఆ పని మొదలుపెడితే ఆపేయండి.

ఇప్పుడు పాత ఏసీ. ప్రతి వేసవికీ గ్యాస్ కొట్టించడం మామూలే అన్నట్టు మనకు అలవాటు చేశారు. గ్యాస్ పెట్రోలు కాదు, వాడితే అరిగిపోవడానికి. మూసిన దారిలో తిరుగుతూ ఉంటుందంతే. మీ ఫ్రిజ్‌కు ఏటా గ్యాస్ కొట్టిస్తున్నారా? తగ్గిందంటే కారిందని. కారిన చోటు చూడకుండా నింపిన ప్రతిసారీ మీరు ఆ లీకుకే డబ్బు పోస్తున్నారు.

దాన్ని విప్పే ముందే ఎక్కడ కారుతోందో చూడమనండి. గ్యాస్‌తో పాటు నూనె కూడా కొద్దికొద్దిగా వస్తుంది, కాబట్టి లీకున్న చోట జిడ్డు మీద దుమ్ము అంటుకుని నల్లటి మరక ఉంటుంది. ముందు నట్ల దగ్గర, తర్వాత గ్యాస్ ఎక్కించే సర్వీస్ వాల్వు పిన్ను దగ్గర చూడాలి. ఆ పిన్ను మీది ఇత్తడి మూత పారేసుకుని ఉంటారు, చాలా ఇళ్లలో అది ఉండదు. ఈ రెండూ అయితే అదృష్టం, ఫ్లేర్ కొత్తగా చేసి పిన్ను మారిస్తే సరిపోతుంది. ఇండోర్ కాయిల్‌లో సూదిమొన రంధ్రాలు పడి ఉంటే, లేదా సముద్రపు ఉప్పుగాలికి అవుట్‌డోర్ కాయిల్ తినేసి ఉంటే, ఒకటి మూస్తే ఇంకొకటి తెరుచుకుంటుంది. అప్పుడు కాయిల్ మార్చే ఖర్చు అడగండి. అది కొత్త ఏసీ ధరలో మూడో వంతు దాటితే నేనైతే ఆ ఏసీని కొత్త ఇంటికి తేను. ఆర్-22 యూనిట్ అయితే ఆ లెక్క కూడా వేయక్కర్లేదు, అక్కడే వదిలేయండి.

తేవాలనే నిర్ణయించుకుంటే, విప్పేటప్పుడు గ్యాస్‌ను అవుట్‌డోర్‌లోకి లాక్కుంటారు, పంప్ డౌన్ అంటారు. కంప్రెసర్ పూర్తిగా ఆగాకే పైపు నట్టు ముట్టాలి. నడుస్తుండగా విప్పితే కంప్రెసర్ గాలిని లోపలికి లాక్కుంటుంది. వేడి నూనె, గాలి, ఒత్తిడి కలిసి కంప్రెసర్ పగిలిపోయే ప్రమాదం ఉంది. ఎలాగూ కారుతున్న ఏసీ కాబట్టి అందులో ఎంత మిగిలిందో ఎవరికీ తెలియదు. కొత్త చోట బిగించాక పాత గ్యాస్‌ను రికవరీ సిలిండర్‌లోకి తీసేసి, వ్యాక్యూమ్ చేసి, నేమ్‌ప్లేట్ మీద రాసిన గ్రాముల ప్రకారం కాటా మీద తూచి కొత్తగా పోయించండి. పైపు పొడుగు ఎక్కువైతే మీటరుకు ఇన్ని గ్రాములని మాన్యువల్‌లో ఉంటుంది. గేజ్ చూసి "చాలు" అనే పద్ధతి వద్దు.

మీరు అడగలేదు గానీ, సీలింగ్ మూసే ముందు డ్రెయిన్ పైపులు కూడా చూడండి. ఇండోర్ వచ్చే చోట ఒక్కో పైపులో నెమ్మదిగా అర బకెట్ నీళ్లు పోసి, మొత్తం బయటికి వస్తున్నాయో లేదో, మధ్యలో ఎక్కడైనా చెమ్మ కనబడుతోందో చూడండి. వాలు సరిపోకపోతే మేస్త్రీ ఇప్పుడు పది నిమిషాల్లో సరిచేస్తాడు.